వాగు చేప తరఫున వకాల్తా

ఏడుగురు రాకుమారులు, ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగు బిడ్డ ఉంటాడా? ఆరు చేపలు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే అది గడ్డిమోపు మీద నెపం పెట్టింది. గడ్డిమోపు ఆవును చూపించింది, ఆవు కాపరిని, కాపరి అవ్వను, అవ్వ ఏడ్చే పిల్లవాణ్ని, పిల్లవాడు కుట్టిన చీమను. అడ్డం పడ్డ నీడతో మొదలైన విచారణ చీమ పుట్టలో పెట్టిన వేలి దగ్గర ఆగింది. నీడ అంటే పరిసరం. వేలు అంటే కాకతాళీయం. ఒక చేప గతి ఏమిటో ఈ రెండూ కలిసి తేల్చాయి. ఒక వాగులో ఏ చేపలుండాలో, ఎన్ని రకాలుండాలో తేల్చేదీ ఈ రెండే. ఈ సంగతి మీద ప్రపంచపు గొప్ప శాస్త్ర పత్రికల్లో దశాబ్దాలుగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. మనం మాత్రం కథ చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చాం. మనమూ నిద్రపోయాం.

ఇంతకీ ఆ ఏడు చేపల పేర్లేమిటి? మీ ఊరి వాగులో తిరిగే ఏడు రకాల చేపల పేర్లు తడుముకోకుండా చెప్పగలరా? పులసకు పుస్తెలమ్ముకునే సామెత ఉంది. కొర్రమీనుకు తెలంగాణలో రాష్ట్ర చేప అన్న గౌరవం ఉంది. బొచ్చెకు, రాగండికి చెరువులున్నాయి, మేతలున్నాయి, బ్యాంకు అప్పులున్నాయి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి అనే శాస్త్రవేత్త సూదిమందుతో ఆ జాతుల చేత గుడ్లు పెట్టించారని ఏటా ఆ రోజున చేపల రైతుల దినోత్సవం జరుపుకుంటున్నాం. జరుపుకోవలసిందే. మరి వాగు చేపకు ఏముంది? ఒక రోజుందా, ఒక పథకముందా, కనీసం కాగితం మీద ఒక లెక్కుందా? ప్రభుత్వం దృష్టిలో అది చేపే కాదు. సంతలో అది పేరు లేని 'చిన్న చేపలు', కుప్పగా పోసి దోసిలితో కొలిచే సరుకు.

ఆ కుప్పలో ఎవరెవరున్నారో ఒక్కసారి చూడండి. తూర్పు కనుమల్లో ఏ కొండవాగు దగ్గరైనా ఒక పూట కూర్చుంటే చాలు. బండల మీదుగా నీళ్లు ఉరికే చోట గర్రా జాతి చేప ఉంటుంది. దాని నోటి కింద గుండ్రటి పీటలాంటి కండ. దాంతో రాతిని కరుచుకుని పాచి గీరుకు తింటుంది. మాను కొట్టుకుపోయే వరదలో ఈ వేలెడంత ప్రాణి నిలబడుతుంది. కాస్త కిందికి దిగితే గులకరాళ్ల మీద పలుచగా పారే నీళ్లు. అక్కడ ఒంటి మీద నీలి అడ్డచారలున్న బరీలియస్ చేపలు ఏటికి ఎదురుగా ముఖం పెట్టి, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాపు కాస్తుంటాయి. మడుగులోకి వస్తే పరిగెల గుంపులు, తోక దాకా నల్లగీత గీసినట్టుండే రాస్బోరాలు. అడుగు ఇసుకలో ముక్కు కొన మాత్రం పైకి పెట్టి దాక్కున్న బొమ్మిడాయి. ఒడ్డున వేళ్ల సందుల్లో మట్టగిడస. నీళ్లలో ఊపిరి చాలకపోతే పైకి వచ్చి గాలి మింగి పోతుంది. యాభై గజాల వాగులో ఇన్ని వీధులు, వీధికో కులవృత్తి. ఈ ఊరికి ప్లాను గీసిందెవరు? నీటి వేగం, లోతు, రాయి, ఇసుక, చెట్టు నీడ. దీన్నే పరిసరం అంటున్నాం.

పరిసరం ఒక్కటే మొత్తం కథ చెప్పలేదు. ఇక్కడ ఎవరు బతకగలరో అది చెబుతుంది. అసలు ఎవరు వచ్చారు, వచ్చినవాళ్లలో ఎవరు మిగిలారు అన్నది కాకతాళీయం చెప్పాలి. కాకి వాలడం, తాటిపండు రాలడం. అరకు వైపు కొండల్నే చూడండి. అనంతగిరి దగ్గర పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే కనుమల్లో పుట్టిన మాచ్‌ఖండ్ డుడుమ దగ్గర దూకి, సీలేరు అయి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో ఒదిగిపోతుంది. వాన ఒకటే, కొండల వరుస ఒకటే. గట్టుకు ఇటు పడిన చినుకుదొక దారి, అటు పడిన చినుకుదొక దారి. మంచినీటి చేప ఆ గట్టెక్కి దిగలేదు, ఉప్పు సముద్రం చుట్టి రాలేదు. ఏనాడో ఏ గట్టు ఎక్కడ లేచిందో, ఏ వాగు మరో వాగు తలను కోసి తనలో కలుపుకుందో, ఆ ప్రమాదాల ఫలితమే ఇవాళ మనకు దొరికే చేప.

అంత దూరం ఎందుకు, ప్రతి ఎండాకాలమూ ఇదే జరుగుతుంది. మార్చి దాటితే వాగు తెగి మడుగులవుతుంది. పది మడుగుల్లో ఎనిమిది ఎండుతాయి. ఒకదాని మీద చెట్టు కూలి నీడ పడుతుంది కాబట్టి నిలుస్తుంది. ఇంకొకటి నిలిచినా దాని మీద కొంగల గుంపు దిగుతుంది. నిలిచిన మడుగులో ఆ వేళకు ఇరవై పరిగెలు చిక్కుకున్నాయా, రెండు జెల్లలే చిక్కుకున్నాయా అన్నదాన్ని బట్టి తొలకరి తర్వాత ఆ వాగు వంశవృక్షం మొదలవుతుంది. ముందు చేరినవాడిదే చోటు. వెనక వచ్చినవాడు ఎంత సమర్థుడైనా ఒడ్డునే నిలబడాలి. అందుకే పక్కపక్కనే పారే రెండు వాగుల్లో ఒకే రాయి, ఒకే ఇసుక, ఒకే నీడ ఉన్నా చేపలు ఒకటి కావు. ఏ వాగు జాతకం దానిదే.

దీన్ని పనిలేనివాళ్ల ముచ్చటగా కొట్టిపారేసేవాళ్లు ఒక్క సంగతి వినండి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఓటర్ క్రీక్ అనే మామూలు వాగు ఒకటుంది. పన్నెండేళ్ల పాటు అందులోని చిన్న చేపల్ని లెక్కబెట్టారు. ఆ లెక్కలు ముందు పెట్టుకుని 1982లో గ్రాస్‌మన్, మాయిల్, విటేకర్ అనే ముగ్గురు, ఈ వాగులో రాజ్యం చేసేది క్రమం కాదు, వానా వరదల ఆకస్మికమే అని తేల్చారు. రెండేళ్లకు, ఆ తీర్పు అచ్చయిన పత్రికలోనే కాదంటూ వరసగా ప్రతివాదాలు వచ్చాయి. 2001లో స్టీఫెన్ హబెల్ అనే శాస్త్రవేత్త ఏ జాతికీ ప్రత్యేకమైన గొప్పతనం లేదనుకుని, పుట్టుకలు, చావులు, వలసలతోనే వైవిధ్యాన్ని వివరించవచ్చని ఒక పుస్తకమే రాశారు. 2008లో 'నేచర్' పత్రికలో మిసిసిపి–మిస్సోరి నదుల చేపల మీద ఆ లెక్క వేసి చూపించారు. నది కొమ్మలు ఎలా అల్లుకున్నాయి, ఏ చోట ఎంత నీరు పారుతుంది అన్న రెండు సంగతులు చెబితే చాలు, ఎక్కడ ఎన్ని రకాల చేపలుంటాయో చాలావరకు చెప్పగలిగింది ఆ లెక్క. కాకతాళీయాన్నే నమ్ముకున్న లెక్కకు కూడా నీటి లెక్క తప్పలేదన్నమాట. పరిసరాన్నీ కాకతాళీయాన్నీ విడదీసి తూచలేమని పండితులు ఒప్పుకుంటున్నది ఇందుకే.

వాళ్లు లెక్కబెట్టింది తిమింగలాల్ని కాదు. మన పరిగెలకు దూరపు చుట్టాల్లాంటి బెత్తెడు చేపల్ని. వాళ్లకు పన్నెండేళ్ల లెక్క ఉంది. మున్నేరుకు, పాలేరుకు, కిన్నెరసానికి, గుండ్లకమ్మకు పన్నెండేళ్ల లెక్క ఎక్కడుంది? వాళ్ల వాగుకే విద్య వచ్చా? మన వాగు మొద్దా?

మనకు ఈ విద్య కొత్తా అంటే అదీ కాదు. 1780ల్లో విశాఖపట్నంలో కాపురమున్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, బెస్తవాళ్లు తెచ్చిన చేపల్ని ఒక్కొక్కటిగా బొమ్మలు వేయించాడు. వాళ్లు పలికిన తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1803లో రెండు వందల చేపల పుస్తకం లండన్‌లో అచ్చయింది. మన వాలుగకు శాస్త్రం పెట్టుకున్న 'వల్లగో' అన్న పేరు తెలుగు నోట పుట్టినదే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద, 1875–78 మధ్య మద్రాసు సైన్యపు వైద్యుడు ఫ్రాన్సిస్ డే భారతదేశపు చేపలన్నిటి మీద పుస్తకాలు వేశారు. ఆ తర్వాత వచ్చిన సుందర్‌లాల్ హోరా మనవాడు. కొండవాగు చేపలు ఉరవడికి ఎలా తట్టుకుంటాయో ప్రపంచానికి వివరించాడు. హిమాలయపు కొండవాగు చేపల బంధువులు పడమటి కనుమల్లో ఎలా తేలాయన్న ప్రశ్నకు సాత్పురా కొండల దారిని సూచించాడు. ఆ సిద్ధాంతంతో ఏకీభవించినవాళ్లున్నారు, కాదన్నవాళ్లున్నారు. కానీ ఒక చిన్న చేప ఎక్కడి నుంచి ఎలా వచ్చిందని తలబద్దలు కొట్టుకున్న తరం ఒకటి ఈ దేశంలో ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట బెస్త నోటి మాటను లాటిన్ పేరుగా మార్చిన నేల ఇది. ఇవాళ ఆ బెస్త మనవడు పేరు చెబితే రాసుకునే నాథుడు లేడు. ముసలివాళ్లతో పాటే పేర్లు కాటికి పోతున్నాయి.

ఇంతకన్నా మండిపోయే సంగతి ఇంకొకటుంది. హామిల్టన్ 1822లో వర్ణించిన చేపల్లో ఒకటి అంగుళమున్నర పొడవుంటుంది, ఒంటి నిండా నీలి చారలు. మన ఉపఖండపు చిన్న కాలువల్లో, వరిమళ్ల పక్కన తిరిగే చేప. దాని జాతి పేరు 'డానియో' కూడా వరిచేనిని చెప్పే బెంగాలీ మాట నుంచి వచ్చినదే. దాన్నే ఇవాళ లోకమంతా జీబ్రా ఫిష్ అంటోంది. 1981లో అమెరికాలో జార్జి స్ట్రైసింగర్ దాని మీద చేసిన పరిశోధన తర్వాత అది ప్రయోగశాలల మహారాణి అయింది. 2013లో దాని జన్యువుల పటం పూర్తిగా వెలువడినప్పుడు, మనిషి జన్యువుల్లో దాదాపు నూటికి డెబ్బైకి అందులో జోడీలున్నాయని తేలింది. గుండెజబ్బులకు, క్యాన్సర్‌కు, నరాల వ్యాధులకు మందులు వెతికేవాళ్లు దాన్ని పెంచని దేశం లేదు. హైదరాబాదులోనూ దానికి ఏసీ గదులున్నాయి, గాజు తొట్లున్నాయి, వేళకు మేత వేసే మనుషులున్నారు. గదిలో రాజభోగం. పుట్టిన కాలువలో పురుగుమందు. ఇంటి కూతుర్ని పొరుగువాడు పల్లకి ఎక్కిస్తే తప్ప మనకు దాని అందం కనబడదా? ఆ కుప్పలో మిగిలిన వందమంది తోబుట్టువుల్లో ఏ మందు ఏ చేప కడుపులో ఉందో ఎవరు చూశారు?

మందు మాట అలా ఉంచండి, అన్నం మాట చూద్దాం. చింతచిగురుతో చిన్న చేపలు వండుకున్న ఇంట్లో తల, ముల్లు, కళ్లు ఏదీ పారేయరు. బలమంతా అక్కడే ఉంది. బంగ్లాదేశ్‌లో మోల అనే చిన్న చేపలో పిల్లల చూపు కాపాడే విటమిన్ ఏ పుష్కలంగా ఉందని నిరూపించి, దాన్ని చెరువుల్లో పెద్ద చేపలతో కలిపి పెంచే దారి చూపించినందుకు శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ మోల మన నీళ్లలోనూ ఉంది. మనం దానికి ఇచ్చిన బహుమతి ఏమిటి? చెరువులో పిల్ల చేపలు వదిలే ముందు, అది 'పనికిమాలిన చేప' అని మందు పెట్టి చంపడం!

అవును, 'పనికిమాలిన చేప'. చేపల పెంపకం పాఠాల్లో దానికి ఉన్న బిరుదు అదే. ఆ బిరుదు చాలు, ఇక ఏమైనా చేయవచ్చు. ఇసుక కోసం వాగు కడుపు కోస్తారు. ఎండాకాలం నీళ్లు దాచుకునే మడుగులు ముందు పోతాయి. అడుగడుగునా చెక్‌డ్యాం కడతారు. తొలకరి కొత్తనీటికి ఎదురెక్కి గుడ్లు పెట్టవలసిన చేప కాంక్రీటుకు తల కొట్టుకుని కిందే ఆగిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లి, కరెంటు తీగ ముంచి, జిలెటిన్ పేల్చి ఒక్క పూటలో మడుగు మడుగంతా తెల్లగా తేలుస్తారు. ఒకప్పుడు గాలం, వెదురు బుట్ట, రేపటికి కాసిని మిగిల్చే వల. ఇప్పుడు రేపే లేదు.

దీనికి తోడు అతిథుల మర్యాద. 1928లో దోమలు తింటుందని గంబూసియాను తెచ్చి నీళ్లలో వదిలారు. తల మీద వెండి చుక్కతో నీటి పైపైనే తిరుగుతూ దోమపిల్లల్ని ఏరుకుతినే చేప మన కాలువల్లో అనాదిగా ఉంది. దానికి పని చెప్పాలని ఎవరికీ తోచలేదు. 1952లో తిలాపియా వచ్చింది. 2000లో నిషేధించిన ఆఫ్రికా మార్పు చేప నిషేధాన్ని లెక్కచేయకుండా గుంటల నుంచి వాగుల్లోకి పాకింది. ఇళ్లలో అద్దాల తొట్లలోంచి పారబోసిన దెయ్యం చేప వలలు చింపుతోంది. కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోవడం సహజమే అంటారా? ఈ కొత్తనీరు వానతో రాలేదు, మన చేతి బకెట్లతో వచ్చింది.

2012 అక్టోబరులో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాల మహాసభ హైదరాబాదులోనే జరిగింది. అదే నగరంలో జాతీయ మత్స్య అభివృద్ధి సంస్థకు చేప ఆకారంలోనే ఒక భవనం ఉంది. పర్యాటకులు ఫొటోలు దిగుతారు. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. సభలకు కొదవ లేదు, భవనాలకు కొదవ లేదు, టన్నులకు కొదవ లేదు. ఇన్ని ఉండీ మూసీలో ఒకప్పుడు ఏ చేపలుండేవో ఈ తరం పిల్లవాడికి చెప్పేవాళ్లు లేరంటే సిగ్గుపడవలసింది ఎవరు?

పెద్దల దగ్గర దీనికొక జవాబు సిద్ధంగా ఉంటుంది. "పోతే పోయాయి, మళ్లీ పిల్లల్ని వదులుదాం." అసలు అజ్ఞానం ఇక్కడే ఉంది. పరిసరాన్ని మీరు తిరిగి తేగలరు. ఇసుక తవ్వడం ఆపితే నాలుగు వరదలకు ఇసుక మేట వేస్తుంది. ఒడ్డున చెట్లు నాటితే పదేళ్లకు నీడ వస్తుంది. కాకతాళీయాన్ని ఎలా తెస్తారు? ఏ వరదకు ఏ జంట ఏ మడుగు చేరిందో, ఏ కరువులో ఏ ఇరవై చేపలు మిగిలాయో, గట్టుకు ఇవతల ఒంటరిగా పడిపోయిన గుంపు వేల ఏళ్లలో ఎంత మారిందో, ఆ చరిత్ర రెండోసారి జరగదు. ఏ హేచరీలో దానికి విత్తనం దొరుకుతుంది? అన్ని వాగుల్లోనూ ఒకే లారీలోంచి ఒకే మూడు రకాల పిల్లల్ని వదిలితే అన్ని వాగులూ ఒకే వాగు అవుతాయి. వెయ్యి తాళపత్ర గ్రంథాల్ని తగలబెట్టి, వాటి స్థానంలో ఒకే పెద్దబాలశిక్షను వెయ్యి ప్రతులు పేర్చి, ఇదిగో గ్రంథాలయం అన్నట్టుంటుంది.

మత్స్యశాఖ పెద్దలారా, మీ చెరువుల్లో మీరు టన్నులు పండించుకోండి. కొండవాగుల్లో మాత్రం బయటి పిల్లల్ని వదలకండి. చిన్న చేపను 'పనికిమాలినది' అనే మాటను మీ పుస్తకాల్లోంచి కొట్టేయండి. నీటిపారుదల ఇంజనీర్లారా, చెక్‌డ్యాం కట్టే ముందు ఆ వాగులో ఏ చేప ఎప్పుడు ఎదురెక్కుతుందో ఒక బెస్త పెద్దనో కోయ పెద్దనో అడగండి. గోడ పక్కన ఒక వాలు కాలువ వదిలితే మీ కట్టడం కూలిపోదు. జువాలజీ ఆచార్యులారా, సీసాల్లో ఫార్మలిన్ పోసి ఉంచిన అదే చేపను ఏటేటా పిల్లలకు చూపించే బదులు, కాలేజీకి ఒక వాగు చొప్పున దత్తత తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ఒకసారి, వేసవికి ఒకసారి లెక్కబెట్టించండి. ఓటర్ క్రీక్‌లో చేసింది అంతే కదా! పంచాయతీ పెద్దలారా, 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరికో ప్రజా జీవవైవిధ్య పట్టిక రాయాలి. మీ ఊరి పట్టికలో చేపల పేజీ తెరిచి చూడండి. నిండిందా, ఖాళీగా ఉందా?

ఇసుకను అడిగితే కాంట్రాక్టరంటుంది. కాంట్రాక్టరు అనుమతి ఇచ్చిన శాఖంటాడు. ఆ శాఖ ఇంకో శాఖంటుంది. ఆ శాఖ నిధులు లేవంటుంది. ఏడు చేపల కథ మళ్లీ నడుస్తోంది, ఒక్క తేడాతో. కథలో చీమ పుట్టలో వేలు పెట్టింది తెలియని పసివాడు. ఇక్కడ పెట్టింది అన్నీ తెలిసిన పెద్దలం. చీమ కుట్టింది. వాగు ఎండింది. చేప కూడా ఎండిపోయింది.

వచ్చే మృగశిర కార్తె నాడు బజారుకెళ్లి చేప కొనడంతో సరిపెట్టకండి. కొత్తనీరు దిగిన రోజున ఒక నోటు పుస్తకం పట్టుకుని మీ ఊరి వాగుకు వెళ్లండి. వల దగ్గర ఉన్న పెద్దాయన పక్కన కూర్చుని, బుట్టలో పడ్డ ప్రతి చేప పేరూ ఆయన నోట ఎలా వస్తే అలాగే రాసుకోండి. ఎన్ని రకాలు దొరికాయో తేదీ వేసి పెట్టుకోండి. మళ్లీ ఏడాది అదే రోజున అక్కడికే వెళ్లి లెక్క సరిచూడండి. ఒక్క పేరు తగ్గినా, ఎందుకు తగ్గిందని మీ సర్పంచిని అడగండి.